ఒకే అనుమతి సరే, మన మల్బరీ తోటను లెక్కలోకి తీసుకునేదెవరు?



పక్కన ఫ్యాక్టరీ వస్తుందంట, క్వారీ వస్తుందంట అని విన్నప్పుడల్లా మన గ్రూపులో ఒకే ప్రశ్న వస్తుంది. దీనికి పర్మిషన్ ఇచ్చేది ఢిల్లీ వాళ్లా, రాష్ట్రం వాళ్లా? చాలా వాటికి ఇద్దరి పాత్రా ఉంటుంది. తిరకాసు అక్కడే.

2006లో కేంద్రం తెచ్చిన ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులు 'ఏ' వర్గం. వాటికి పర్యావరణ అనుమతి ఢిల్లీలోని మంత్రిత్వ శాఖ ఇస్తుంది. అంతకన్నా చిన్నవి 'బీ' వర్గం, వాటిని రాష్ట్ర స్థాయి అథారిటీ చూస్తుంది. ఇవి కాక 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి కన్సెంట్లు తీసుకోవాలి: కట్టే ముందు ఒకటి, నడిపే ముందు ఒకటి.

2024 నవంబర్‌లో కేంద్రం దీన్ని మార్చింది. పర్యావరణ అనుమతి ఉన్న పరిశ్రమ కట్టే ముందు మళ్లీ కన్సెంటు తీసుకోనక్కర్లేదు. ఒకే పనికి రెండు ఆఫీసుల చుట్టూ ఎందుకు తిరగాలి అని పరిశ్రమల వాళ్లు అడిగారు, ప్రభుత్వం విన్నది. మండలి అభిప్రాయం పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడే తీసుకుంటారు. కన్సెంటు ఫీజు మాత్రం కట్టాల్సిందే. (ఫీజు మాత్రం ఎవరూ మరిచిపోలేదు చూడండి.)

ఇది పూర్తిగా తప్పు అని నేను అనను. షెడ్డు సబ్సిడీ కోసం అవే పట్టా, చిట్టా, అడంగల్ కాపీలు మళ్లీ మళ్లీ ఇచ్చినవాళ్లం, ఆ బాధ మనకూ తెలుసు. కాగితాలు తగ్గితే మంచిదే. కానీ రెండు చూపులు ఒక్కటైనప్పుడు ఆ ఒక్క చూపైనా మన తోట దాకా రావాలి కదా. ఇంతవరకు జిల్లాలో ఉండే మండలి ఇంజనీరుకు స్థలం చూసే పని ఉండేది. పక్కన చెరువుందా, గాలి ఎటు, ఊరెంత దూరం అన్నది కళ్లతో చూసే అవకాశం ఉండేది. ఇక మీదట ఆయన మాట పెద్ద ఫైలులో ఒక పేజీ అవుతుంది. ఆ పేజీలో మల్బరీ అన్న మాట ఉంటుందా అన్నదే నా భయం.

పట్టుపురుగు సంగతి వేరే పంటల లాగా కాదు. టమోటా మీద దుమ్ము పడితే కడిగి మార్కెట్టుకు పంపుతాం. మల్బరీ ఆకు కడిగి తడిగా వేస్తే షెడ్డులో తేమ పెరిగి రోగం మొదలవుతుంది. కడగకుండా వేస్తే పురుగు సరిగ్గా తినదు. నాలుగో జ్వరం లేచాక పురుగు ఆకలి మీకు చెప్పక్కర్లేదు, మొత్తం ఆకులో చాలా భాగం అప్పుడే తింటుంది. ఆ వారంలో ఆకు చెడితే గూడు పలచబడుతుంది, రామనగర మార్కెట్టులో రేటు పడిపోతుంది. ఇటుక బట్టీల పొగలో ఫ్లోరైడ్ ఉంటుంది. మనిషికి తెలియనంత తక్కువైనా అది ఆకులో చేరి పురుగును దెబ్బ తీస్తుంది. మా ఊరి దారిలో కంకర లారీలు తిరిగిన రెండు నెలలు రోడ్డు వారగా ఉన్న నాలుగు వరుసల ఆకు నేను కోయనే లేదు.

రిపోర్టులు ఏం కొలుస్తాయి? గాలిలో సన్న దుమ్ముకు హద్దు ఘనపు మీటరుకు 24 గంటల్లో 100 మైక్రోగ్రాములు. అది మనుషుల ఊపిరి కోసం పెట్టిన హద్దు. ఆకు మీద పేరుకున్న దుమ్మును ఆ లెక్క పట్టించుకోదు. పైగా మామూలుగా గాలి, నీటి కొలతలు వానాకాలం కాని ఒక్క సీజన్‌లో తీస్తారు. హోసూరు వైపు మనకందరికీ తెలుసు, చలికాలంలో గాలి తూర్పు నుంచి వస్తుంది, ఆషాఢంలో పడమటి నుంచి ఈడ్చి కొడుతుంది. జనవరిలో కొలిచి, మీ తోట వైపు దుమ్ము రాదు అని రాస్తే అది అబద్ధం కాదు, కానీ సగం నిజమే.

సరిహద్దు ఊళ్లకు ఇంకో చిక్కు ఉంది. చాలా రకాల 'బీ' ప్రాజెక్టులు రాష్ట్ర సరిహద్దుకు 5 కిలోమీటర్ల లోపల ఉంటే వాటిని కేంద్రమే చూడాలి. మొదట ఈ దూరం 10 కిలోమీటర్లు, 2014లో తగ్గించారు. రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకుంటే దీన్ని ఇంకా తగ్గించుకోవచ్చు, పూర్తిగా తీసేయవచ్చు కూడా. ప్రజాభిప్రాయ సేకరణ సభ మాత్రం ప్రాజెక్టు ఉన్న జిల్లాలోనే పెడతారు. ఫ్యాక్టరీ కర్ణాటకలో, పొగ మన తమిళనాడు తోటలో అయితే సభ అక్కడ కన్నడంలో జరుగుతుంది. రిపోర్టు సారాంశం ఇంగ్లీషులో, ఆ రాష్ట్ర భాషలో ఉంటుంది. తెలుగులో రాదు. ఇటువైపు ఊళ్లలో కూడా సభ పెట్టాలని, కేంద్రం రెండు రాష్ట్రాల మండళ్లను కలిపి కూర్చోబెట్టాలని నా గట్టి అభిప్రాయం. అనుమతులు కలపగలిగినవాళ్లు సభలు కలపలేరా?

క్వారీల గురించి కూడా ఒక మాట. 5 హెక్టార్ల లోపు ఒంటరి క్వారీకి సభ ఉండదు. 500 మీటర్ల లోపల పక్కపక్కన ఉన్నవాటిని ఒక గుంపుగా లెక్కపెట్టాలని రూలు ఉంది, కాబట్టి చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో మీరే లెక్క రాసి పెట్టుకోండి. విడిగా పెట్టే కంకర క్రషర్‌కు, ఇటుక బట్టీకి కేంద్ర అనుమతి అక్కర్లేదు, రాష్ట్ర మండలి దగ్గరే పని.

మనం చేయగలిగింది కొంత ఉంది. సభకు కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి. ముసాయిదా రిపోర్టు కలెక్టర్ ఆఫీసులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూడొచ్చు. సభకు పోలేనివాళ్లు, పక్క రాష్ట్రం వాళ్లు కూడా రాతపూర్వకంగా అభ్యంతరం పంపొచ్చు, నష్టపోయే అవకాశం ఉందని చెప్పగలిగితే చాలు. "కాలుష్యం వద్దు" అని ఒక్క ముక్క రాస్తే లాభం లేదు. ఎన్ని ఎకరాల మల్బరీ, సైటు నుంచి ఎంత దూరం, ఏడాదికి ఎన్ని పంటలు, వంద గుడ్లకు ఎన్ని కిలోల గూళ్లు తీస్తున్నారు, ఏ నెలలో గాలి ఎటు, ఇవి రాయండి. ఆషాఢంలో కూడా కొలవాలని అడగండి. మార్కెట్టు పట్టీలు పారేయకుండా దాచి జిరాక్సులు జత చేయండి, రేపు దిగుబడి పడిపోతే ముందెంత ఉండేదో చూపించేవి అవే. నడిపే ముందు తీసుకునే కన్సెంటు ఇంకా రాష్ట్ర మండలి చేతిలోనే ఉంది, ఫ్యాక్టరీ మొదలయ్యాక ఫిర్యాదులు కూడా అక్కడికే పంపాలి.

కన్నడం, తమిళం బాగా రాయగలిగిన పిల్లలు మీ ఇళ్లలో ఉంటే గ్రూపులో చెప్పండి. అర్జీలు ఆ భాషల్లో ఇస్తే మంచిది.