ఆయిల్‌ను పరీక్షించాకే మార్చాలి

యంత్రంలో తిరిగే ఆయిల్‌కు ముఖ్యంగా మూడు పనులున్నాయి. రాపిడి తగ్గించాలి, వేడిని లాగేయాలి, అరిగి రాలిన లోహపు రజనునూ మురికినీ ఫిల్టర్ దాకా మోసుకుపోవాలి. ఈ మూడో పని వల్ల యంత్రం లోపల జరిగే మార్పులు ఆయిల్‌లోకి ఎక్కుతాయి. బేరింగ్ అరుగుతుంటే, కూలెంట్ లీకవుతుంటే, ఎయిర్ ఫిల్టర్ దుమ్మును వదిలేస్తుంటే, ఇంజిన్ విప్పకుండానే ఓ చిన్న సీసాడు ఆయిల్‌లో ఆ సంగతి పట్టుకోవచ్చు. ఆయిల్ కండిషన్ మానిటరింగ్ అంటే ఇదే.

మన దగ్గర చాలాచోట్ల ఆయిల్‌ను తేదీ చూసో, రంగు చూసో మారుస్తారు. పెద్ద యంత్రాల విషయంలో ఈ రెండూ చాలవు. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కొద్ది గంటల్లోనే నల్లబడుతుంది. మసిని గడ్డ కట్టనీయకుండా తనలో కలుపుకోవడం దాని పని కాబట్టి ఆ నలుపు చెడిపోయినట్టు గుర్తు కాదు. హైడ్రాలిక్ ఆయిల్‌ది దీనికి తిరగబడ్డ కథ. గాజు సీసాలో తేటగా మెరుస్తున్నా పంపును అరగదీసే ధూళి అందులో ఉండవచ్చు. మామూలు కంటికి సుమారు 40 మైక్రాన్లకన్నా చిన్న రేణువు కనబడదు. పంపులు, వాల్వుల సందుల్లో దూరి గీతలు పెట్టే రేణువులు ఎక్కువగా అంతకన్నా చాలా చిన్నవి.

ఈ పరీక్షలు రైల్వేల్లో మొదలయ్యాయి. అమెరికాలోని డెన్వర్ అండ్ రియో గ్రాండే వెస్ట్రన్ రైల్వే 1946లో తన డీజిల్ లోకోమోటివ్‌ల ఆయిల్‌ను స్పెక్ట్రోగ్రాఫ్‌తో పరీక్షించి, అరిగిన లోహాల మోతాదును బట్టి ఇంజిన్ల లోపాలను ముందే పసిగట్టింది. 1950లలో అమెరికా నౌకాదళం ఈ పద్ధతిని విమాన ఇంజిన్లకు తెచ్చింది. భారతీయ రైల్వేల డీజిల్ షెడ్లలో కూడా లూబ్ ఆయిల్ పరీక్ష ఏళ్లుగా సాగుతున్న దినచర్య. అంటే ఇది మనకు తెలియని విద్య కాదు. షెడ్డు దాటి ప్రొక్లెయినర్, జనరేటర్, రైస్ మిల్లు, లిఫ్టు పంపు దాకా చేరవలసినంతగా చేరలేదు, అంతే.

పరీక్ష మూడు సంగతులు తేలుస్తుంది: ఆయిల్‌లో ఇంకా సత్తువ ఉందా, బయటి నుంచి ఏదైనా వచ్చి కలిసిందా, యంత్రం అరుగుతోందా.

మొదటిదానికి చూడవలసింది చిక్కదనం. పారిశ్రామిక ఆయిళ్లను 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఇంజిన్ ఆయిళ్లను ముఖ్యంగా 100 డిగ్రీల దగ్గర కొలుస్తారు. డబ్బా మీద ‘వీజీ 68’ అని ఉంటే 40 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం 68 సెంటీస్టోక్స్‌కు పది శాతం అటూ ఇటూగా ఉండాలి. డీజిల్ కలిస్తే ఆయిల్ పలచబడుతుంది. మసి పెరిగినా, వేడికి ఆక్సీకరణ చెందినా చిక్కబడుతుంది. వేరే గ్రేడు ఆయిల్‌తో టాప్‌అప్ చేసినా ఈ అంకె పట్టిస్తుంది. డీజిల్ కలవడం, మసి చేరడం ఒకేసారి జరిగితే ఒకదాన్నొకటి సరిపెట్టి చిక్కదనం మామూలుగానే కనిపించవచ్చు. అందుకే ఒక్క అంకెను నమ్ముకోకూడదు. దీనితోపాటు పారిశ్రామిక ఆయిల్‌లో ఆమ్ల సంఖ్య ఎంత పెరిగిందో, ఇంజిన్ ఆయిల్‌లో క్షార సంఖ్య ఎంత తగ్గిందో చూస్తారు. ఇంధనం మండినప్పుడు పుట్టే ఆమ్లాలను విరిచే శక్తి ఎంత మిగిలిందో క్షార సంఖ్య చెబుతుంది.

బయటి నుంచి చేరేవాటిలో నీరు, దుమ్ము ప్రధాన శత్రువులు. నీటికి వర్క్‌షాపులోనే చేయగల పరీక్ష ఉంది. 150 డిగ్రీల దరిదాపుల్లో కాగిన హాట్ ప్లేట్ మీద ఒక చుక్క ఆయిల్ వేస్తారు. పొడి ఆయిల్ చప్పుడు లేకుండా పరుచుకుంటుంది. తడి ఉంటే బుడగలు లేచి చిటపటమంటుంది. ఎగిరే చుక్కలు కంట్లో పడకుండా కళ్లద్దాలు తప్పనిసరి. ఈ పద్ధతిలో లేశమాత్రపు తేమ దొరకదు. ఎంత నీరుందో కచ్చితంగా తెలియాలంటే కార్ల్ ఫిషర్ పరీక్ష చేయించాలి. దుమ్మును ఐఎస్ఓ 4406 కోడ్‌తో చెబుతారు. ‘18/16/13’ అని రిపోర్టులో ఉంటే, ఒక మిల్లీలీటరులో 4, 6, 14 మైక్రాన్లకు మించిన రేణువులు ఎన్నెన్ని ఉన్నాయో ఆ మూడంకెలు వరుసగా సూచిస్తాయి. ఇక్కడ 18 అంటే సుమారు 1300 నుంచి 2500 రేణువులు. అంకె ఒకటి పెరిగితే రేణువులు రెట్టింపైనట్టు. 18 కాస్తా 21 అయితే మురికి దాదాపు ఎనిమిది రెట్లు పెరిగిందన్నమాట.

అరుగుదలను స్పెక్ట్రోమీటర్ మిలియన్‌లో వంతుల లెక్కన లోహాలుగా విడగొట్టి చూపిస్తుంది. డీజిల్ ఇంజిన్‌లో ఇనుము ఎక్కువగా లైనర్లు, క్రాంక్‌షాఫ్ట్, గేర్ల నుంచి వస్తుంది. క్రోమియం సాధారణంగా రింగులది. సీసం, తగరం, రాగి బేరింగులను అనుమానించమంటాయి. సోడియం, పొటాషియం కలిసి పెరిగితే కూలెంట్ లోపలికి వస్తోందేమో చూడాలి. సిలికాన్ పెరిగి, వెంటనే ఇనుము, అల్యూమినియం కూడా లేస్తే ముందు వెతకాల్సింది ఎయిర్ ఫిల్టర్ చుట్టూ. పగిలిన హోసు, వదులైన క్లిప్పు గుండా దుమ్ము లోపలికెళ్లి లైనర్లను గీకుతూ ఉంటుంది. ఆ దశలో దొరికితే క్లిప్పు బిగించడంతో పోతుంది; దొరక్కపోతే ఇంజిన్ బోరుకొస్తుంది. అయితే సిలికాన్ కనబడగానే దుమ్మేనని తేల్చేయకూడదు. కొత్తగా విప్పి బిగించిన ఇంజిన్‌లో గాస్కెట్ సీలెంట్ నుంచీ, కొన్ని ఆయిళ్లలో నురగ తగ్గించే రసాయనం నుంచీ అది రావచ్చు.

ఈ పరికరానికీ ఓ హద్దుంది. మామూలు స్పెక్ట్రోమీటర్‌కు సుమారు 5 నుంచి 10 మైక్రాన్లకు మించిన రేణువులు సరిగా అందవు. బేరింగ్ పెచ్చులూడే దశలో రాలేవి అంతకన్నా పెద్ద ముక్కలు. కాబట్టి రిపోర్టు శుభ్రంగా ఉన్నా ప్రమాదం పొంచి ఉండవచ్చు. అయస్కాంతంతో రేణువులను వేరుచేసి మైక్రోస్కోపు కింద చూసే ఫెర్రోగ్రఫీ ఇందుకే పుట్టింది. తీసేసిన ఫిల్టర్‌ను కోసి మడతలు విప్పి చూడటం కూడా ఖర్చులేని మంచి అలవాటు.

ట్రాన్స్‌ఫార్మర్‌లో కదిలే భాగాలు దాదాపు లేవు కాబట్టి అక్కడ వెతికేది లోహాలను కాదు, ఆయిల్‌లో కరిగిన వాయువులను. హైడ్రోజన్ పాక్షిక విద్యుత్ ఉత్సర్గాన్ని, ఎథిలీన్ తీవ్రమైన వేడిని, ఎసిటిలీన్ ఆర్కింగ్‌ను సూచిస్తాయి. కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే వైండింగ్‌కు చుట్టిన కాగితం కాలుతున్నదేమో చూడాలి. ఆయిల్‌ను ఫిల్టర్ చేసి వాడుకోవచ్చు గానీ కాలిన కాగితం మళ్లీ కోలుకోదు. పొలాల దగ్గరి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లన్నిటికీ ఈ వాయు పరీక్ష చేయడం కష్టమే. వాటికి ఆయిల్ మట్టం, బ్రేక్‌డౌన్ ఓల్టేజి చూసినా చాలా మేలు. సిలికా జెల్ బ్రీదర్ ఉన్నచోట జెల్ నీలం నుంచి గులాబీ రంగుకు తిరిగిందంటే ఇక తేమను ఆపలేదని అర్థం. వర్షాకాలానికి ముందే దాన్ని మార్చడం లైన్‌మన్ చేతిలోని పని.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ప్రమాణం అనుమతించే కనీస హద్దు 140 డిగ్రీలే. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకులు కాగినప్పుడు ద్రవం మరిగి ఆవిరైతే పెడల్ కిందికి జారిపోతుంది. ఇక్కడ పరీక్ష ప్రాణరక్షణ.

ఎంత మంచి ప్రయోగశాలైనా శాంపిల్ సరిగా లేకపోతే చేసేదేమీ లేదు. యంత్రం వేడిగా నడుస్తుండగా గానీ, ఆపిన వెంటనే గానీ ఆయిల్ తీయాలి. చల్లారాక అడుగున పేరుకున్న మడ్డి పట్టకూడదు. ప్రతిసారీ ఒకే చోట నుంచి తీయాలి. ముందుగా కొంత ఆయిల్ వదిలేసి, ఆ తర్వాతే శుభ్రమైన పొడి సీసాలో నింపాలి. యంత్రం నడిచిన గంటలు, ఆయిల్ పోశాక గడిచిన గంటలు, మధ్యలో ఎన్ని లీటర్లు టాప్‌అప్ చేశారో చీటీ మీద రాయాలి. ఈ వివరాల్లేని అంకెలకు అర్థం ఉండదు. 250 గంటల ఆయిల్‌లో మామూలనిపించే ఇనుము 50 గంటల ఆయిల్‌లో కనబడితే హెచ్చరికే. పైగా ఒక్క రిపోర్టు కన్నా వరుస రిపోర్టుల్లో అంకెలు ఎటు నడుస్తున్నాయన్నది ముఖ్యం.

లీటరు ఆయిల్ పట్టే మోటార్‌సైకిల్‌కు ఇదంతా అక్కర్లేదు. కంపెనీ చెప్పిన గడువుకు మారిస్తే చాలు. పెద్ద సంపులున్న యంత్రాలకు, ఆగిపోతే జనం ఇబ్బందిపడే యంత్రాలకు మాత్రం పరీక్ష తప్పనిసరి కావాలి. ఆసుపత్రి జనరేటర్లు, ఎత్తిపోతల పంపులు, మునిసిపాలిటీల తాగునీటి పంపుల నిర్వహణ ఒప్పందాల్లో ఎన్ని గంటలకొకసారి శాంపిల్ తీయాలో, రిపోర్టు ఎవరు చూడాలో, ఎన్ని రోజుల్లో చర్య తీసుకోవాలో రాసి ఉండాలి. వారంటీ ఉన్న యంత్రానికి గడువు పొడిగించాలంటే తయారీదారు అనుమతి కావాలి. లోపం బయటపడితే కారణం సరిదిద్దాకే ఆయిల్ మార్చాలి. కారణాన్ని వదిలేసి ఆయిల్ ఒక్కటే మారిస్తే అంకెలు కొన్నాళ్లు తగ్గుతాయి, రోగం లోపలే ఉంటుంది. మరమ్మతు తర్వాత యంత్రాన్ని కొన్ని గంటలు నడిపి మళ్లీ శాంపిల్ పంపాలి. ఆ రిపోర్టు బాగుంటేనే పని పూర్తయినట్టు రిజిస్టర్‌లో రాయాలి.