తౌచాన్: చెరువు పక్కన పేర్ల స్తంభాలు

ఈసారి మనం మరీ దూరం వెళ్లడం లేదు. చౌక్తడాలో సూలే పగోడా దగ్గర కారెక్కి, ప్యే రోడ్డు పట్టుకుని ఉత్తరంగా పోతే సుమారు 35 కిలోమీటర్లలో తౌచాన్ వస్తుంది. ట్రాఫిక్కును బట్టి గంటా, గంటన్నర పట్టొచ్చు. చిన్న ఊరు. టీ దుకాణాలు, పండ్ల బళ్లు, రెండు పెద్ద రోడ్లు కలిసే కూడలి. ఆ దాపునే హ్లోగా చెరువు. రంగూన్ దాహం తీర్చడానికి బ్రిటిష్ వాళ్లు 1904లో కట్టించారు. నేటికీ నగరానికి నీళ్లిస్తోంది. పిల్లలున్నవాళ్లకు చెరువు, పక్కనున్న వన్యప్రాణుల పార్కు చాలు, పులిహోర పొట్లాలు కట్టుకుని వెళ్తే రోజు ఇట్టే గడిచిపోతుంది.

కానీ అక్కడిదాకా వెళ్లి, రోడ్డు పక్కనున్న యుద్ధ శ్మశానవాటికను చూడకుండా తిరిగి రావద్దని నా మనవి.

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ చూసుకునే ఈ తోటలో రెండో ప్రపంచ యుద్ధానికి చెందిన 6,374 సమాధులున్నాయి. వాటిలో 867 ఎవరివో తెలియనివి. 1951లో మొదలుపెట్టి అక్యాబ్, మాండలే, మెయిక్తిలా, సామా శ్మశానాల నుంచి సమాధులను ఇక్కడికి తరలించారు. పచ్చిక మధ్య వరసలు వరసలుగా చిన్న కంచు పలకలు. పందొమ్మిదేళ్లు, ఇరవై రెండేళ్లు... వయసులు చదువుతూ పోతుంటే మాట రాదు.

మధ్యలో ఎత్తయిన స్తంభాల మంటపం, రంగూన్ మెమోరియల్. సమాధి కూడా దక్కని దాదాపు 27,000 మంది పేర్లు ఆ స్తంభాల మీద చెక్కి ఉన్నాయి. ఎక్కువమంది భారత సైన్యంవాళ్లే. మద్రాస్ శాపర్స్ ఉన్న వరసల్లో నేను కాసేపు ఆగాను. మన జిల్లాల కుర్రాళ్లూ చేరిన దళమది. హిందూ, సిక్కు ఆచారం ప్రకారం దహనమైన వెయ్యిమందికి పైగా సైనికులకు విడిగా మరో స్మారకం ఉంది.

ఈ కూడలికి ఇంకో కథ ఉంది. 1942 మార్చి 7న రంగూన్ వదిలి ఉత్తరానికి పోతున్న బ్రిటిష్ సైన్యాన్ని జపాన్ దళం సరిగ్గా తౌచాన్ దగ్గరే అడ్డగించింది. ఎన్ని దాడులు చేసినా దారి వదల్లేదు. తీరా తమ ప్రధాన సేన రోడ్డు దాటి రంగూన్ వైపు వెళ్లిపోగానే జపాన్‌వాళ్లే అడ్డు తీసేశారు. లోపల చిక్కిన సైన్యం, దాని అధిపతి జనరల్ అలెగ్జాండర్‌తో సహా, మర్నాడు బయటపడింది.

సైన్యానికి లారీలున్నాయి. మరి మనవాళ్లకు?

అప్పటి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసినవాళ్లలో అధికులు కోరంగి, కాకినాడ, విశాఖ వైపు నుంచి ఓడలెక్కి వచ్చిన తెలుగువాళ్లు. అందుకే తెలుగువాళ్లను ఇక్కడ ‘కోరంగీలు’ అనేవారు. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె చేసి, ఆ తర్వాతి అల్లర్లలో దెబ్బలు తిన్నదీ వీళ్లే. 1941 డిసెంబరు 23న, మళ్లీ 25న బాంబులు పడ్డప్పుడు రేవు కూలీలు ఎంతోమంది పోయారు. మిగిలినవాళ్లు లక్షల మందితో కలిసి అరకాన్ కొండల మీదుగా, అస్సాం అడవుల మీదుగా నడిచారు. కలరా, మలేరియా, ఆకలి... దారిలో పోయినవాళ్లు వేలల్లో ఉంటారు. ఎంతమందో సరైన లెక్క లేదు.

సైనికులకు దక్కిన గౌరవాన్ని నేను తక్కువ చేయడం లేదు. వాళ్లూ ఇంటికి చేరని బిడ్డలే. ఎక్కడో మారుమూల పల్లె నుంచి వచ్చిన సిపాయి పేరు కూడా రాతిమీద నిలిచిందంటే, ఎవరో పూనుకుని చిట్టా రాశారు కాబట్టే. మూటలు మోసిన మన తాతల చిట్టా ఎవరూ రాయలేదు. తేడా అంతే. ఆ పని మనం ఇప్పుడైనా మొదలుపెట్టవచ్చు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే అడగండి. తాత పేరేమిటి, ఏ ఊరు, ఏ ఏడు ఓడెక్కారు, ఏ రేవులో పని, 1942లో ఎటు నడిచారు, ఎవరు చేరారు, ఎవరు చేరలేదు. 1960లలో తిరిగి వెళ్లి విశాఖ బర్మా క్యాంపులో స్థిరపడ్డ బంధువులుంటే వాళ్లనూ ఫోన్‌లో అడగండి. తెలుగు రాయడం రాకపోతే బర్మీస్‌లోనే రాసి మన సంఘానికి పంపండి. పది పేర్లు వచ్చినా పది పేర్లే.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. ప్రవేశానికి డబ్బులేమీ అక్కర్లేదు. నీడ తక్కువ కాబట్టి ఉదయాన్నే వెళ్లండి, గొడుగూ మంచినీళ్లూ మరవకండి. ఈ రోజుల్లో బయల్దేరే ముందు దారి పరిస్థితి కనుక్కుని, చీకటి పడకముందే ఇల్లు చేరండి. సైన్యంలో చేరి తిరిగిరాని బంధువులున్నవాళ్లు కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి, ఏ స్తంభం మీద ఉందో ముందే రాసుకుంటే వెతుక్కునే పని తప్పుతుంది. నాలుగు పువ్వులు తీసుకెళ్లండి.