బడి ఎన్నికకు ఏకగ్రీవమేల?

గౌతమిపై వంతెన దాటి కోనసీమలో అడుగిడువారికి మొదట కనబడు ఊరు రావులపాలెము. ఆ ఊరికి పేరు తెచ్చినది అరటి మార్కెట్టు. లంకతోటలనుండి వచ్చిన గెలకు రైతు చెప్పిన ధరను వర్తకుడు వెంటనే అంగీకరింపడు. వర్తకుడు చెప్పిన ధరకు రైతు తల యూపడు. గెలను త్రిప్పి చూచుట, హస్తములు లెక్కించుట, బేరమాడుట లేని వ్యాపారము అచట ఎవరికిని నమ్మకము కలిగింపదు. ఒక్క గెల విషయమున ఇంత విచారించు మన గ్రామీణులు, తమ బిడ్డలు చదువు బడికి కమిటీని ఎన్నుకొనునపుడు మాత్రము పెక్కుచోట్ల ఒక్క ప్రశ్నయైన వేయక చేతులెత్తి ఇండ్లకు మరలుచున్నారు. ఆలోచింపదగిన వింత యిది.

చట్టము తల్లిదండ్రులకిచ్చిన అధికారము స్వల్పమైనది కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చినది. దాని 21వ సెక్షను ప్రకారము ప్రభుత్వ పాఠశాలలలోను, స్థానిక సంస్థల పాఠశాలలలోను యాజమాన్య కమిటీ యుండవలెను. అందు నూటికి 75 వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో కావలెను. సగముమంది స్త్రీలు కావలెను. బడి పనితీరును కనిపెట్టుట, అభివృద్ధి ప్రణాళికను సిద్ధము చేయుట, వచ్చిన నిధులు ఎట్లు వ్యయమైనవో పరిశీలించుట వారి విధులు. ఆంధ్రప్రదేశమున తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకొందురు, ప్రధానోపాధ్యాయుడు కన్వీనరు. 2019లో మొదలైన 'మన బడి నాడు-నేడు' పథకమున మరుగుదొడ్లకు, త్రాగునీటికి, బల్లలకు వచ్చిన సొమ్ము తల్లిదండ్రుల కమిటీల చేతులమీదుగానే వ్యయమైనది. కాగా, ఈ పదవి ఉత్సవమునాడు వేదికపై కుర్చీ కొరకు ఏర్పడినది కాదు.

2024 ఆగస్టు 8న రాష్ట్రమంతట ఈ ఎన్నికలు జరిగినవి. పెక్కుచోట్ల ఏకగ్రీవములు, కొన్నిచోట్ల పార్టీల తగవులు. ఈ రెండింటిని చూచి, ఏకగ్రీవమే మేలని పెద్దలనేకులు తీర్మానించిరి. ఏకగ్రీవమును ఊరి ఘనతగా నెంచుట మనకు అలవాటైనది. 2021 పంచాయతీ ఎన్నికల సందర్భమున ఏకగ్రీవ గ్రామములకు ప్రభుత్వమే నగదు ప్రోత్సాహకములు ప్రకటించినది. అందరి మనసులు నిజముగా ఒకటైనచోట ఏకగ్రీవమును మెచ్చుకొనవలసినదే. కాని ముందునాటి సాయంకాలము నలుగురు కూర్చుండి పేర్లు వ్రాసికొని, మరునాడు బడిలో వానిని చదివించినచో, అది ఏకాభిప్రాయమెట్లగును? అభిప్రాయమడుగని చోట కలిగిన మౌనమునకు మనము పెట్టుకొన్న మంచి పేరది.

మూడవ తరగతి చదువు బాలిక తల్లి యొకతె ఈ ఎన్నికలో నిలువదలచినదనుకొందము. ఆమె చదువు కొద్దిపాటిది. కూలికి పోనిదే ప్రొద్దు గడువదు. వారమునకు గ్రుడ్డు ఎన్నిమార్లు రావలెను, ఎన్నిమార్లు వచ్చుచున్నది? ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ ఎందుకు లేదు? మరమ్మతుల సొమ్మెంత, మిగిలినదెంత? ఆమె అడుగగోరునవి ఇంతమాత్రమే. ఆమె నిలిచినచో ఎదుటివాడును వీనికి సమాధానము చెప్పవలసి వచ్చును. ఆమె ఓడినను ఆ ప్రశ్నలు ఊరివారందరి చెవిని పడినవే. పెద్దలు ఆమెను బుజ్జగించి కూర్చుండబెట్టినచో ఆమెతోపాటు ఆ ప్రశ్నలును కూర్చుండును. పోటీవలన బడికి కలుగు లాభమంతయు ఇందున్నది.

పోటీ పెట్టినచో పార్టీలు బడిలోనికి వచ్చునను భయము ఒకటి కలదు. ఆ భయము నిరాధారము కాదు. ఉపాధ్యాయులు రెండు పక్షముల నడుమ నలిగిపోవుదురు. పెద్దల పగ పిల్లల బల్లలదాక వచ్చును. అయితే పార్టీలు ఏకగ్రీవపు చాటునను రాగలవు, తలుపు మూసికొని మరియు సుఖముగా రాగలవు. దీనికి మందు పోటీని మానుట కాదు. పోటీ దేనిపై జరుగవలెనో నిర్ణయించుట. అభ్యర్థిని అతని పార్టీ యేదని కాక, బడి లెక్కల పుస్తకము చూచితివా యని అడుగుట నేర్చినచో సగము జబ్బు కుదురును.

ఇంగ్లండు చరిత్ర ఈ విషయమున గమనింపదగినది. అచట 1870 నాటి ప్రాథమిక విద్యా చట్టము ఎన్నికైన పాఠశాల బోర్డులను ఏర్పరచినది. పార్లమెంటుకు ఓటు వేయుటకు స్త్రీలు 1918 వరకు వేచియుండవలసి వచ్చినను, ఈ బోర్డులకు మాత్రము వారు తొలినుండియు నిలువగలిగిరి. ఆ యేడే ఎలిజబెత్ గారెట్, ఎమిలీ డేవీస్ అనువారు లండను బోర్డుకు ఎన్నికైరి. ఎన్ని స్థానములున్నవో అన్ని ఓట్లు ప్రతి ఓటరుకును ఉండెడివి. వాని నన్నిటిని ఒక్కరికే వేయవచ్చును. అందుచేత సంఖ్య తక్కువగు వర్గమును తన మనిషిని పంపుకొనగలిగెను. మతకలహములు ఆ బోర్డులలో లేకపోలేదు. అయినను కలహమునకు వెరచి ఎన్నికను నామమాత్రము చేసికొనక, చిన్న గొంతుకయు వినబడునట్లు పద్ధతిని సవరించుకొనిరి.

మనకును సవరింపవలసినవి కలవు. 2024లో ఎన్నిక గురువారమునాడు, పనివేళ జరిగినది. మార్కెట్టులో మోతపని చేయు తండ్రికి, పొలమునకు పోవు తల్లికి ఓటనగా ఒక పూట కూలి. సెలవుదినమున, పనులు ముగిసిన వేళ జరిపినచో ఈ నష్టము తప్పును. ఎన్నికకు ముందే గడచిన రెండేండ్ల జమాఖర్చులను అందరి యెదుట చదువవలెను. చేతులెత్తించుట సులభమే కాని, భూకామందు ఎదుట అతని కౌలుదారు చేయి స్వేచ్ఛగా లేవదు. కోరినవారికి చీటీపై రహస్యముగా ఓటు వేయు వీలుండవలెను. ఎన్నికైన తల్లి కుర్చీలో ఆమె భర్త కూర్చుండు ఆచారమును కన్వీనరు మొదటి సమావేశముననే మాన్పవలెను.

వీనిలో దేనికిని కోట్ల రూపాయలు అక్కరలేదు. మరల బడి ఎన్నిక వచ్చినపుడు, మా తరగతికి ముగ్గురు చాలు, అయిదుగురు నిలిచిరని ఊరివారు చెప్పుకొనవలసి వచ్చినచో అది ఆ ఊరికి అప్రతిష్ఠ కాదు. ఓడిన ఇద్దరును మరునాడు తమ బిడ్డలను ఆ బడికే పంపుదురు గదా. వారు వేసిన ప్రశ్నలకు గెలిచినవారు బదులు చెప్పుచుండిన చాలును, ఆ ఎన్నిక సార్థకము.