పనిచేయుచున్న దానిని బాగుచేయనేల?



ఈ మాసము మాకు వచ్చిన లేఖలలో గోదావరిఖని నుండి యొక తల్లి వ్రాసినది మమ్ము చాలసేపు ఆలోచింపజేసినది. ఆమె భర్త బొగ్గుగనిలో హాలరు నడుపువాడు; పదవీ విరమణమునకు ఇంక రెండేండ్లున్నవి. కుమార్తె ఇంజనీరింగు ముగించి యింటనే యున్నది. తండ్రి మొదటి షిఫ్టునకు బయలుదేరునప్పుడు కంప్యూటరు ముందు కూర్చున్న పిల్ల, అతడు తిరిగి వచ్చువరకును లేవదట. ఏమి పనియని యడిగినచో "డ్రైవర్లను బాగుచేయుచున్నాను" అనునట. ఇరుగుపొరుగువారు ఆ మాట విని, పిల్ల ఓపెన్ కాస్టులో డంపరు తోలుట నేర్చుకొనుచున్నదని కాలనీ యంతయు చాటినారట!

అది నవ్వులాట. నవ్వులాట కానిది వేరొకటి కలదు. "ఆ డ్రైవర్లు చెడిపోయినవా యని యడిగితిని. లేదమ్మా, పనిచేయుచునే యున్నవి, అయినను తిరిగి వ్రాయవలెను అన్నది. పనిచేయుచున్న దానిని బాగుచేయుట యేమి పని? ఇంతవరకు దీనికొక్క రూపాయి రాలేదు. దాని మేనమామ బ్యాంకు పరీక్షకు రుసుము కట్టెదనని కూర్చున్నాడు; గడువు నెలాఖరు. బిడ్డను ఈ పని మాన్పింపవలెనా, వలదా?" అని యామె ప్రశ్న.

దీనికి ఒక్కమాటలో బదులు చెప్పుట న్యాయము కాదు. పని యెట్టిదో తెలిసినగాని దాని విలువ తెలియదు. ఎరిగినవారి నడిగియు, చదివియు మాకు బోధపడిన సంగతిని ముందుగా విన్నవించెదము.

కంప్యూటరులో నన్నిటికంటె అడుగున నుండి, ఇల్లాలు ఇంటివారందరికి వడ్డించినట్లు, యంత్రముయొక్క శక్తిని అన్ని పనులకును పంచిపెట్టు మూలవ్రాత యొకటి యుండును. దానిని కెర్నెలందురు. అట్టివానిలో ప్రసిద్ధమైనది లినక్సు. 1991లో హెల్సింకి నగరమున చదువుకొనుచుండిన లినస్ టోర్వాల్డ్సు అను విద్యార్థి దీని నారంభించెను. నేడు లోకమునందలి వేలకొలది జనులు దానిని వ్రాయుచున్నారు. ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును. మీ చేతిలో ఆండ్రాయిడు ఫోనున్నచో దాని యడుగున నున్నదియు లినక్సే. ఈ వ్రాత మూడు కోట్ల పంక్తులకు మించినది. అందు సగమునకు పైగా డ్రైవర్లే.

డ్రైవరనగా నేమి? ప్రింటరు, కెమేరా, మైకు మొదలగు పరికరముల భాషలు వేరువేరు. కెర్నెలునకు అన్ని భాషలు రావు. కావున ఒక్కొక్క తీరు పరికరమునకు ఒక్కొక్క దుబాసీ కావలెను. ఆ దుబాసీయే డ్రైవరు.

గనివారి యిండ్లలోని సోదరీమణులకు గంటల సంగతి చెప్పనక్కరలేదు. ఇంక్లైనులో టబ్బులను తాడుతో లాగు హాలరు ఒకచోట, పనివారు వేరొకచోట. ఒకరికొకరు కనబడరు, గంటలే వారి భాష. నడుచుచున్న తాడు ఒక్క గంట విన్నంతనే ఆగవలెను. ఈ సంకేతము గనికొక తీరుగ నున్నచో ఏమగును? ఒక గని నుండి వేరొక గనికి బదిలీ యైనవాడు ఒక గంట కొట్టి తాడాగునని యెదురు చూచును; తాడు ఆగదు. అందుచేతనే గంటల పట్టిక అందరికిని ఒక్కటిగ నుంచి, కనబడునట్లు వ్రాసి కట్టుదురు.

డ్రైవర్ల విషయమున జరిగినది దీనికి విరుద్ధము. ఒక్కొక్క పరికరమును చేసిన సంస్థవారు తమ డ్రైవరును తమకు తోచిన తీరున, వేగిరపాటుతో వ్రాసికొనిరి. ఒకరి వ్రాతను వేరొకరు ఎత్తివ్రాసి, నాలుగు మాటలు మార్చిరి. ఒకే పని పదిచోట్ల పది తీరుల జరుగుచుండెను. మూలములో తప్పున్నచో నకళ్లలో నున్నదియు అదే తప్పు. ఒకచోట దిద్దినను తొమ్మిదిచోట్ల నిలిచియుండును. పైకి చేయు పనిలో రవంతయు భేదము రాకుండ, లోపలి కట్టుబాటును మాత్రము చక్కబరచి, పదింటిలోని ఉమ్మడి పనిని ఒకచోటికి చేర్చుటకే రీఫ్యాక్టరింగు అని పేరు. ఆ తల్లి కుమార్తె చేయుచున్నది ఇదియే.

ఇంకొక యుదాహరణము. గనిలోనికి దిగువాడు ల్యాంపు రూములో టోపీదీపము తీసికొనును. పైకి వచ్చినంతనే అప్పగించును. దీపము తిరిగి రాకున్నచో మనిషి యేమయ్యెనని వెదకుదురు. డ్రైవరును అట్లే, పనికి దిగుటకు ముందు కెర్నెలునొద్ద జ్ఞాపకస్థలము మొదలగువానిని అడిగి తీసికొనును. నడుమ నేదేని విఘ్నము వచ్చినచో తీసికొన్నవానిని వెనుకటి వరుసలో ఒక్కొక్కటిగ తిరిగి యీయవలెను. పూర్వము ప్రతి డ్రైవరు వ్రాసినవారును ఈ లెక్కను తామే చూచుకొనవలసియుండెను. మరచినచోట స్థలము పోయి, యంత్రము నానాటికి మందగించెడిది. 2007లో లినక్సునకు ఒక క్రొత్త యేర్పాటు వచ్చినది: ఇచ్చిన ప్రతి వస్తువును కెర్నెలే పద్దు వ్రాసికొని, పరికరము తొలగినంతనే తానే వసూలు చేసికొనును. పాత డ్రైవర్లను ఈ పద్దులోనికి మార్చు పని నాటినుండియు సాగుచున్నది. దీనికిని హద్దులు కలవు. ఒక వస్తువును ఇంకెవరైన వాడుచుండగా తిరిగి తీసికొనిన చేటు కలుగును. కావున కన్ను మూసికొని మార్చుటకు వీలులేదు.

"చక్కగ లేకున్ననేమి, నడచుచున్నది గదా" అని యనువారు 2024 జూలై 19వ తేదీని తలచుకొనవలెను. ఆ శుక్రవారము నాడు ప్రపంచమున సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలి తెర చూపి నిలిచిపోయినవి. అవి లినక్సువి కావు, విండోసువి. కారణము, కంప్యూటర్లకు కాపలాగ నుంచిన ఒక డ్రైవరు. దానియొద్ద 20 అంశములే యుండగా, క్రొత్తగ పంపిన పట్టికను అనుసరించి అది 21వ దానిని చదువబోయెను. లేనిచోట చేయి పెట్టెను. మామూలు వ్రాతలో ఇట్టి తప్పు జరిగినచో ఆ యొక్క పని చెడును. కెర్నెలులో నుండు డ్రైవరు తప్పినచో ఇల్లంతయు కూలును. విమానములు నిలిచినవి, ఆసుపత్రుల పనులు ఆగినవి; మన హైదరాబాదులో ప్రయాణికులకు బోర్డింగు పాసులను చేతితో వ్రాసి యిచ్చినారు. ఆ ముందునాటి వరకు అదియు "పనిచేయుచున్న" డ్రైవరే.

ఈ బాగుసేత ఎట్లు చేయవలెననుటలో చాల వివేకము కలదు. గనిలో పాత దిమ్మెను తీయవలసినచో, ప్రక్కన క్రొత్తది నిలిపి, పైకప్పు దానిపై నిలిచినదని చూచుకొనిన పిమ్మట గదా పాతదానిని తీయుదురు! కెర్నెలులోను అంతే. క్రొత్త పద్ధతిని పాతదాని ప్రక్కన నిలుపుదురు. డ్రైవర్లను ఒకదాని వెంట నొకటి దానిపైకి మార్చుదురు. పాతదానిని ఎవరును వాడుట లేదని తేలిన తర్వాతనే కొట్టివేయుదురు. 2017లో కెర్నెలునందలి గడియారపు పిలుపుల నన్నిటిని ఇట్లే మార్చినారు. ఐడీయీ అను పాత తీరు డిస్కుల డ్రైవర్లు, వాని స్థానమున క్రొత్తవి కుదురుకొనిన యెన్నో యేండ్లకు, 2021లోగాని తొలగింపబడలేదు.

ఒక్కొక్క మార్పును చిన్నదిగ నుండవలెను. ఒక చీటీలో ఒక్క మార్పే. ప్రతి మార్పు తర్వాతను యంత్రము నడువవలెను. అట్లున్నచో, రేపు తప్పు బయటపడినప్పుడు మార్పుల వరుసను సగము సగముగ త్రుంచుచు పోయి, ఏ చీటీతో చెడినదో తెలిసికొనవచ్చును. వేయి మార్పులున్నను పది పరీక్షలతో తేలును.

అన్నిటికంటె ముఖ్యమైనది వినయము. పాత డ్రైవరులో "ఇచట కొంచెము ఆగుము" అను పంక్తి యుండును. చూచుటకు వ్యర్థము. తీసివేయుదురు. ఆరునెలల పిమ్మట ఎక్కడనో ఒకరి పాత ప్రింటరు మూగవోవును. ఆ పరికరమునకు ఊపిరి పీల్చుకొనుటకు ఆ క్షణము కావలసియుండెను! అత్తగారు ఆవకాయ జాడీ మూతకు గుడ్డ యేల కట్టుచుండెనో తెలియక మానివేసిన కోడలికి బూజు పట్టిన తర్వాత కారణము తెలిసినట్లు. ఏ పంక్తి ఎవరు, ఎందుకు వ్రాసిరో లినక్సువారు చరిత్రగ భద్రపరచియున్నారు. అది చదివినగాని తీయరాదు. పరికరము చేతిలో లేనిదే, పరీక్షింపలేనిదే, పెద్ద మార్పునకు పూనుకొనరాదు.

ఈ పనిలో స్త్రీల పాత్ర స్వల్పము కాదు. ఫ్రాన్సులో యిన్రియా అను పరిశోధన సంస్థకు చెందిన జూలియా లావాల్ అను విదుషి, తోడి పరిశోధకులతో కూడి, వేలకొలది డ్రైవర్లలో ఒకే తీరు మార్పును ఒక్కసారి చేయు సాధనమును నిర్మించినది. దానికి కాక్సినెల్ అని పేరు. ఫ్రెంచి భాషలో అక్షింతల పురుగని యర్థము. కంప్యూటరు వ్రాతలోని తప్పును ఆంగ్లేయులు పురుగందురు. చేలలో పేనుబంకను తిని పైరును కాచు అక్షింతల పురుగువలె, ఇది ఆ పురుగులను తినునని చమత్కారము.

ఇక జీతము మాట. అవుట్‌రీచీ అను ఏర్పాటు ఒకటి కలదు. ఇట్టి ఉమ్మడి వ్రాతలలో స్త్రీలు మిక్కిలి తక్కువగ నున్నారని, 2006లో గ్నోమ్ అను సంఘమువారు దీనికి అంకురార్పణము చేసిరి. 2013లో లినక్సు కెర్నెలును ఇందు చేరినది. నేడిది స్త్రీలకే కాక, ఈ రంగమున వెనుకబడియున్న ఇతరులకును ఉద్దేశింపబడినది. ఎంపికైనవారు మూడు నెలలు ఇంటనుండియే పనిచేయుదురు. ఇటీవలి సంవత్సరములలో దీనికి ఇచ్చుచున్న భృతి 7,000 డాలర్లు. ఎంపికకు ముందు కొన్నాళ్లు జీతము లేకయే చిన్న చిన్న మార్పులు చేసి చూపవలెను. ఇంకను పక్వము కాని డ్రైవర్లకు లినక్సులో 2008 నుండి ఒక వేరు వసారా యున్నది. క్రొత్తవారు సాధారణముగ అచటనే చేయి త్రిప్పుకొందురు. పెద్దలు తప్పులు చూపి మూడుమారులు, నాలుగుమారులు త్రిప్పి పంపుదురు. అది అవమానము కాదు, అదియే చదువు.

కావున, అమ్మా, మా సలహా యిది. కుమార్తెను మూడు ప్రశ్న లడుగుము. నీవు పంపిన మార్పులలో ఒకటైనను స్వీకరింపబడినదా? స్వీకరింపబడినచో ఆమె పేరు చరిత్రలో నిలిచియుండును. ఏ యుద్యోగము పెట్టువాడైనను చదువవచ్చును. నీవు దిద్దుచున్న పరికరమును పరీక్షించుటకు దారి యున్నదా? ఏ తేదీవరకు ఈ ప్రయత్నము? మూడింటికిని సూటిగ బదులు వచ్చినచో పిల్ల కాలము వ్యర్థము చేయుట లేదని నమ్ముము; ఆ తేదీవరకు ఆమెను కదలింపకుము. బదులు రానిచో ఆమెయే ఆలోచించుకొనును. బ్యాంకు పరీక్షకు రుసుము కట్టనిమ్ము. ఎంపిక తప్పక యగునని మేము మాట యీయజాలము. రెండు తలుపులు తెరచియుండుట మంచిది. మేనమామ ప్రేమను త్రోసిపుచ్చనక్కర లేదు. తండ్రి విరమించులోపల పిల్ల తన కాళ్లపై నిలువవలెనను నీ యాతురతయు న్యాయమే.

డంపరు మాటకు సిగ్గుపడకుము. 2019లో కేంద్ర ప్రభుత్వము గనులలో స్త్రీలపై నున్న నిర్బంధములను సడలించి, పగటివేళ భూగర్భమునను సాంకేతిక, పర్యవేక్షణ కార్యములు చేయుటకు అనుమతించినది. మన బిడ్డలకు తగని పని యేదియో మనము ముందుగ నిర్ణయింపకుందము.

"పనిచేయుచున్న దానిని బాగుచేయుట యేమి పని?" అంటివి. నీ భర్త నడుపు హాలరు తాడును ప్రతిదినము పరీక్షింతురు గదా. ఆ తాడు తెగినదా? లేదు, పనిచేయుచునే యున్నది. అందుకే పరీక్షింతురు. పైట కుట్టు వీడకముందే నీవు సూది తీసికొందువు. బియ్యము పురుగు పట్టకముందే ఎండబోయుదువు. ఆ పనికి ఎవరును నీకు జీతమీయలేదు, పేరును పెట్టలేదు. నీ బిడ్డ చేయు పనికి పేరున్నది, జీతమును వచ్చునేమో. పని మాత్రము నీదే.