పదాలు లేని పాట: స్పెయిన్ దేశంలో భాషల తగవు

2024 జులై 14వ తేదీ రాత్రి బెర్లిన్ నగరంలో ఐరోపా ఫుట్‌బాల్ పోటీల తుది పందెం ఆరంభం కావడానికి ముందు, రివాజు ప్రకారం ఉభయ దేశాల జాతీయగీతాలు మ్రోగినవి. ఇంగ్లండు పక్షంవారు గొంతెత్తి తమ గీతం పాడినారు. స్పెయిన్ వంతు వచ్చినప్పుడు వాద్యాలు మ్రోగినవేగాని, పాడవలసిన పాట లేదు. స్పెయిన్ అభిమానులు ఇటువంటి సమయాల్లో ఆ బాణీకి "లో లో లో" అని కూనిరాగం కలపడం పరిపాటి. వారికి దేశాభిమానం కొరవడి కాదు. ఆ దేశపు జాతీయగీతానికి పదాలే లేవు.

ఆ గీతం పుట్టుకచేత సైనికుల కవాతు బాణీ. 1761 నాటి సైనిక సంగీత గ్రంథంలో అది కనబడుతున్నది. 1997లో వెలువడిన రాజశాసనం దానిని జాతీయగీతంగా సవివరంగా స్థిరపరచినది. అందులో స్వరాలున్నవి, సాహిత్యం లేదు. హోసే మరియా పెమాన్ అనే కవి 1928లో వ్రాసిన చరణాలు జనరల్ ఫ్రాంకో ఏలుబడిలో వినబడుతుండేవి. ఆ ఏలుబడితోబాటే అవీ అంతరించినవి. 2007లో ఆ దేశపు ఒలింపిక్ సంఘంవారు సాహిత్యం కోసం పోటీ పెట్టగా వేలాది రచనలు వచ్చినవి. ఒకదానిని ఎన్నుకున్నారు. సుప్రసిద్ధ గాయకుడు ప్లాసిదో దొమింగో పాడడానికి సిద్ధపడినారు. తీరా ఆ పంక్తులు పత్రికలకెక్కేసరికి దేశమంతటా గగ్గోలు బయలుదేరినది. మొదటి మాటలోనే ఫ్రాంకో కాలపు నినాదం ధ్వనిస్తున్నదని కొందరు, కవిత్వం పేలవంగా ఉన్నదని మరికొందరు. కొద్ది రోజులకే సంఘంవారు దానిని ఉపసంహరించుకున్నారు.

పేలవమైన కవిత్వంతో కాలక్షేపం చేస్తున్న జాతీయగీతాలు లోకంలో కొల్లలు. అసలు చిక్కు అది కాదు. పాటకు పదాలు కావాలంటే ముందుగా ఒక భాష కావాలి. ఏ భాష అనే ప్రశ్నకు స్పెయిన్ ఇంతవరకూ అందరూ ఒప్పుకునే సమాధానం చెప్పుకోలేకపోయినది.

మన దేశంలో స్పానిష్ అని పిలిచే భాషను ఆ దేశంలో అనేకులు కాస్తిలియన్ అంటారు. కాస్తిల్యా అనే మధ్యప్రాంతపు భాష అది. దానిని స్పానిష్ అనడమంటే తక్కినవి స్పెయిన్ భాషలు కావని చెప్పడమేనని ఇతర ప్రాంతాలవారి అభియోగం. ఈశాన్యంలోని కాటలోనియాలో, బాలెయారిక్ దీవులలో కాటలాన్ భాష ఉన్నది. వలెన్సియాలోనూ అదే భాష మాట్లాడుతారుగాని, అక్కడివారు దానికి వలెన్సియన్ అని పేరు పెట్టుకున్నారు. రెండూ ఒకటేనా కాదా అనే వివాదంలో పండితులొక వైపు, రాజకీయులొక వైపు! వాయవ్యంలో పోర్చుగీసుకు తోబుట్టువైన గాలీషియన్ ఉన్నది. ఉత్తరాన బాస్క్ ప్రజలు మాట్లాడే ఎవుస్కరా ఉన్నది. ఈ చివరిది వింతలలో వింత. లాటిను ఆ నేలమీద అడుగిడక పూర్వమే అక్కడ ఉన్న భాష అది. ప్రపంచంలో ఏ భాషాకుటుంబంతోనూ దానికి చుట్టరికం ఇంతవరకు రుజువు కాలేదు. ఊరికొక మాండలికంగా చెదరిన ఆ భాషకు 1968లో అరాంత్సాసు మఠంలో సమావేశమైన పండితులు ఒక ప్రామాణిక రూపం కల్పించడానికి పూనుకున్నారు. గ్రాంథిక వ్యావహారిక వాదాల వేడి చవిచూచిన తెలుగువారికి ఆ పండితుల శ్రమ, వారు తిన్న తిట్లు ఊహించడం కష్టం కాదు.

1968 అనగానే మరొక ఉదంతం చెప్పక తప్పదు. ఆ సంవత్సరం లండనులో జరిగిన యూరోవిజన్ పాటల పోటీకి స్పెయిన్ పక్షాన జోఆన్ మానువెల్ సెర్రాత్ అనే యువగాయకుని ఎంపిక చేసినారు. తన మాతృభాషయైన కాటలాన్‌లో పాడనిస్తేనే పాడుతానని అతడు భీష్మించినాడు. ఫ్రాంకో ప్రభుత్వం ససేమిరా అన్నది. అతని స్థానంలో మాసియెల్ అనే గాయని వెళ్లి ఆ పాటనే కాస్తిలియన్‌లో పాడి బహుమతి గెలుచుకున్నది. పాట పేరు "లా, లా, లా". పల్లవిలో అర్థమున్న పదమే లేని పాటకు కూడా భాష తగవు తప్పలేదు.

ఆ ససేమిరాకు వెనుక పెద్ద కథ ఉన్నది. 1936 మొదలు 1939 వరకు సాగిన అంతర్యుద్ధంలో గెలిచి, 1975 నవంబరు 20న మరణించేవరకు దేశాన్ని ఏలిన ఫ్రాంకో దృష్టిలో ఐక్యత అంటే ఏకరూపత. పాఠశాలలనుండి, కచేరీలనుండి ఈ భాషలను వెళ్లగొట్టినారు. బిడ్డకు బాస్క్ పేరో కాటలాన్ పేరో పెట్టి జనన పట్టికలో వ్రాయించడానికి వీలు లేకపోయినది. బాస్కుల ప్రాచీన స్వాతంత్ర్యానికి చిహ్నమైన గెర్నికా పట్టణం 1937 ఏప్రిల్ 26న ఫ్రాంకో పక్షాన వచ్చిన జర్మన్, ఇటాలియన్ విమానాల బాంబులకు బూడిదయినది. పికాసో చిత్రం మూలాన ఆ పేరు లోకానికంతకూ తెలుసు. భాష మాత్రం ఇండ్లలో, వంటయిండ్లలో, కొన్ని మఠాలలో బ్రతికినది. మోన్‌సెర్రాత్ మఠం అండన 1959 నుండి "సెర్రా దోర్" అనే కాటలాన్ పత్రిక వెలువడినది. ఆ సంవత్సరమే బాస్క్ ప్రాంతంలో ఈటా అనే సంస్థ పుట్టినది. 2011లో ఆయుధం దించేలోగా అది ఎనిమిది వందలకు పైగా ప్రాణాలను బలిగొన్నది. అణచిన భాష ఒకచోట పత్రికగా, మరొకచోట తుపాకిగా వెలికివచ్చినది. తుపాకి ఆ భాషకు మేలు చేసినదని చెప్పగలవారు బాస్కులలోనూ ఇప్పుడు అరుదు.

ఫ్రాంకో అనంతరం 1978లో రాజ్యాంగం వ్రాసుకున్నప్పుడు ప్రతి పదానికి బేరసారాలు నడచినవి. స్పెయిన్ జాతి అవిభాజ్యమన్నారు; ఆ వాక్యంలోనే "జాతులకు, ప్రాంతాలకు" స్వపరిపాలన హక్కు ఉన్నదన్నారు. ఒకే జాతిలో అనేక జాతులెట్లా ఇముడునో ఆ పెద్దలు వివరించలేదు. వివరించకపోవడం వల్లనే రాజ్యాంగం నిలిచినదని కూడా అనవచ్చు. భాష విషయంలోనూ అదే నేర్పు: కాస్తిలియన్ తెలిసియుండడం పౌరులందరి విధి, తక్కిన భాషలు వారివారి ప్రాంతాలలో అధికార భాషలు. ఒకదానికి విధి, తక్కినవాటికి హక్కు. నలుబది ఏండ్లుగా సాగుతున్న వ్యాజ్యాలన్నీ ఈ తేడానుండి పుట్టినవే.

అందులో పెద్దది బడి తగవు. కాటలోనియాలో పాఠశాల బోధన ప్రధానంగా కాటలాన్‌లో సాగుతూ వచ్చినది. బడిలో బలం లేకపోతే బజారులో ఆ భాష నిలువదని దాని రక్షకుల వాదం. కాస్తిలియన్ మాతృభాషగా గల తలిదండ్రులు కొందరు న్యాయస్థానాలకెక్కినారు. కనీసం నాలుగవ వంతు బోధన కాస్తిలియన్‌లో జరగాలన్న తీర్పు 2021లో సుప్రీంకోర్టు వరకు వెళ్లి ఖాయమయినది. మరు సంవత్సరమే బార్సిలోనాలోని శాసనసభ అటువంటి లెక్కలు పనికిరావంటూ కొత్త చట్టం చేసినది. ఈ విషయంలో ఇరుపక్షాలకూ కొంత న్యాయమున్నది. తన దేశంలోనే తన భాషలో బిడ్డకు చదువు దొరకలేదని బాధపడే తల్లిని దురహంకారి అనడం తగదు. కాని లోకంలో నలుబది కోట్లమందికి పైగా మాట్లాడే భాష బార్సిలోనా బడిలో గంటలు తగ్గినంతమాత్రాన చావదు. కాటలాన్‌కు ఆ భరోసా లేదు. 2003లో కాటలోనియా వాసులలో దాదాపు సగంమందికి అది నిత్యవ్యవహార భాష. 2023 నాటి సర్వేలో వారు మూడవ వంతుకు తగ్గినారు. గాలీషియాలోనైతే కాస్తిలియన్ వాడుక గాలీషియన్ వాడుకను మొదటిసారి మించిపోయినదని 2024లో వెలువడిన లెక్కలు తెలిపినవి. అక్కడ వేర్పాటువాదం బలం తక్కువ, గొడవ తక్కువ. భాష సద్దు చేయకుండానే జారిపోతున్నది.

ఈ క్షీణతకు మాడ్రిడ్‌ను మాత్రమే నిందించి ప్రయోజనం లేదు. ఇటీవలి దశాబ్దాలలో లాటిన్ అమెరికానుండి, మొరాకోనుండి, పాకిస్తానునుండి లక్షలాది జనం కాటలోనియాకు బ్రతుకుతెరువుకై వచ్చినారు. కొలంబియానుండి వచ్చిన కార్మికుడు దిగిన రోజునుండే కాస్తిలియన్‌తో పని జరుపుకోగలడు. అతడు కాటలాన్ నేర్వడానికి ఏదో ఆకర్షణ ఉండాలి. ఆ ఆకర్షణ చట్టం వల్ల కొంత, ఇరుగుపొరుగు ఆదరణ వల్ల ఎక్కువ కలుగవలసి ఉన్నది. ఏప్రిల్ 23న సాన్ జోర్ది పండుగనాడు బార్సిలోనా వీధులన్నీ పుస్తకాలతో, గులాబీలతో నిండిపోతవి. ప్రియమైనవారికి పుస్తకం, పువ్వు ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ అంగళ్లముందు మూగే జనంలో ఈ కొత్తవారు ఎందరు, వారు ఏ భాషలోని పుస్తకం కొంటున్నారు అన్నది ఏ న్యాయస్థానం తీర్పుకన్నను ముఖ్యం.

రాజకీయం మాత్రం వేరు త్రోవలో నడిచినది. 2010లో రాజ్యాంగ న్యాయస్థానం కాటలోనియా స్వపరిపాలన శాసనంలోని కొన్ని భాగాలను కొట్టివేయడంతో రగిలిన అసంతృప్తి, 2017 అక్టోబరు 1న నిషేధాన్ని ధిక్కరించి జరిపిన స్వాతంత్ర్య ఓటింగు వరకు సాగినది. నాయకులు కొందరు చెరసాల పాలయినారు, కొందరు దేశం విడిచినారు. 2023 జులై ఎన్నికలలో ఎవరికీ మెజారిటీ రానందున, పేద్రో సాంచెస్ తిరిగి ప్రధాని కావడానికి ఆ కాటలాన్ పక్షాల ఓట్లే దిక్కయినవి. 2024 నాటి క్షమాభిక్ష చట్టం ఆ అవసరపు ఫలమే. 2023 సెప్టెంబరులో దిగువసభలో కాటలాన్, బాస్క్, గాలీషియన్ భాషలలో ప్రసంగించడానికి హక్కు లభించినదన్నా కారణం అదే. మొదటిరోజున వోక్స్ పక్షపు సభ్యులు అనువాదం వినే పరికరాలను ప్రధాని ఖాళీ ఆసనం మీద పడవేసి సభనుండి లేచిపోయినారు. అందరికీ ఒక ఉమ్మడి భాష ఉండగా దుబాసీలెందుకని వారి ప్రశ్న. ఒకరి మాట ఒకరు అర్థం చేసుకోవడమే పరమావధి అయితే ఆ ప్రశ్న సబబే. కాని శాసనసభలో భాష అనేది గౌరవ చిహ్నం కూడా. ఎనభై ఏండ్లనాడు జనన పట్టికలోకి రానివ్వని పేర్లు ఇప్పుడు సభా కార్యక్రమంలోకి ఎక్కినవి. సద్బుద్ధితో కాక ఓట్ల లెక్కతో జరిగినదని ఆ పని విలువ తగ్గదు. అయితే ఓట్ల లెక్క మారిననాడు అది నిలుస్తుందా అన్న భయం తగ్గదు.

మన రాజ్యసభలో ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలకూ తత్‌క్షణ అనువాద సౌకర్యం కల్పించినది 2018లో. 1953లోనే భాష ప్రాతిపదికన రాష్ట్రం సాధించుకున్న తెలుగువారు స్పెయిన్ ఆలస్యాన్ని ఎత్తిపొడవడానికి అది ఎక్కువ అవకాశమివ్వదు.

స్పెయిన్ ప్రభుత్వం ఈ మూడు భాషలను ఐరోపా సమాఖ్యలో కూడా అధికార భాషలుగా గుర్తించవలసినదని 2023లో కోరినది. అయ్యే ఖర్చు తానే భరిస్తానన్నది. అందుకు సభ్యదేశాలన్నింటి ఏకగ్రీవ సమ్మతి కావాలి. ఐదు లక్షల చిల్లర జనమున్న మాల్టా దేశపు భాష సమాఖ్యలోని 24 అధికార భాషలలో ఒకటి; సుమారు కోటిమందికి తెలిసిన కాటలాన్‌కు చోటు లేదు. మాల్టీసుకు వెనుక ఒక రాజ్యమున్నది, కాటలాన్‌కు లేదు. తమ ఇండ్లలోని మైనారిటీ భాషలు కూడా రేపు ఇదే కోరునేమోనన్న జంకు కొన్ని దేశాలది. 2025 మే 27న మంత్రుల సమావేశంలో ఆ అంశం మరల చర్చకు వచ్చినది. ఓటు జరగకుండానే మరల వాయిదా పడినది.