పండ్రెండు గంటల కాపలా



అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన పిమ్మట మన పాఠశాలలో తలిదండ్రుల సమావేశము జరిగినది. తొమ్మిదవ తరగతి బాలుని తండ్రి యొకరు సెక్యూరిటీ యూనిఫారముతోనే వచ్చి చివరి బల్లపై కూర్చుండిరి. పది నిమిషములు గడవకమునుపే ఆయన గోడ కానుకొని నిద్రపోయిరి. పిల్లలు కొందరు నవ్విరి. ఆ బాలుడు మాత్రము తల వంచుకొని తన చేతి గోళ్లను చూచుకొనుచుండెను.

సభ ముగిసినపిదప ఆయనను లేపి మాటాడితిని. బెంగుళూరు ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర నొక అపార్ట్‌మెంటునకు ఆయన కాపలాదారు. రాత్రి ఎనిమిదినుండి ఉదయము ఎనిమిదివరకు డ్యూటీ. ఉదయపు డ్యూటీవాడు ఆలస్యముగా వచ్చినందున ఇంటికి పోవుటకైనను వేళ చాలక, బస్సు దిగి తిన్నగా బడికి వచ్చినారట.

మన హోసూరు ప్రాంతమున ఇట్టి తండ్రులు అరుదు కారు. సిప్‌కాట్ కర్మాగారముల గేట్లు, అత్తిబెలె దాటిన పిమ్మట బారులు తీర్చిన అపార్ట్‌మెంట్లు, గిడ్డంగులు, ఏటీఎంలు, వీనికన్నిటికిని కాపలాదారులు కావలయును. సేద్యము గిట్టక చేను విడిచినవారును, పదవ తరగతితో చదువు మానినవారును ఈ పనికి పోవుచున్నారు. పండ్రెండు గంటల డ్యూటీకి పోక రాక మూడు గంటలు చేర్చుడు, పదునైదు గంటలైనవి. రాత్రి డ్యూటీ చేయు తండ్రి ఉదయము ఇల్లు చేరునప్పటికి పిల్లవాడు బడిలో నుండును. సాయంకాలము పిల్లవాడు వచ్చిన రెండు గంటలకే తండ్రి మరల బస్సెక్కవలెను. పగటి డ్యూటీ యైనచో తెల్లవారకమునుపే బయలుదేరి పిల్లలు నిద్రించిన పిమ్మట తిరిగివచ్చును. ఇంటిపని చేసికొని రాని బాలుని గద్దించునపుడు నేనీ లెక్క ఏనాడును వేసికొనలేదు.

నా తప్పు మరియొకటి కలదు. నేను ఉపాధ్యాయశిక్షణ పొందినది ఆంధ్రదేశమున. అచటి వసతిగృహమునకు ఒక ముసలి వాచ్‌మన్ ఉండెడివాడు. అతని కొమార్తెకు ఉత్తరములు వ్రాసిపెట్టినది నేనే. ఎప్పుడు చూచినను గేటువద్దనే యుండెడివాడు. అతడు ఎప్పుడు నిద్రించునో, ఎన్ని గంటలకు ఎంత జీతమో ఒక్కనాడైనను అడిగినవాడను కాను. గేటు ఉన్నట్లే అతడును ఉండునని తలచితిమి కాబోలు.

ఇక చట్టమేమి చెప్పుచున్నది? సాధారణముగ పని వారమునకు 48 గంటలు. అంతకు మించిన ప్రతి గంటకును ఓవర్‌టైము ఇయ్యవలెను. 1948 నాటి కనీస వేతనముల చట్టము ఈ విషయమున మార్గము చూపినది. ఆ చట్టము ఇప్పుడు 2019 నాటి వేతనముల కోడులో కలిసిపోయినది. ఆ కోడు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. అందు 14వ సెక్షను ప్రకారము అదనపు గంటకు ఇయ్యవలసినది సాధారణపు వేతనమునకు రెట్టింపునకు తక్కువ కారాదు.

ఈ రెట్టింపు అను మాట ఎంత పెద్దదో ఎనిమిదవ తరగతి పిల్లలు సైతము లెక్కించి చూడవచ్చును. వారమునకు ఆరు దినములు, దినమునకు పండ్రెండు గంటలు. మొత్తము 72 గంటలు. అందు 48 తీసివేయగా మిగిలినవి 24. ఆ 24 గంటలకు రెట్టింపు వేతనమనగా 48 గంటల వేతనము. అనగా పండ్రెండు గంటల డ్యూటీ ఒక వారము చేసినవానికి రెండు వారముల వేతనము రావలెను. లెక్క సులభమగుటకై ఎనిమిది గంటల వేతనము 600 రూపాయలనుకొందము. పండ్రెండు గంటలు నిలిచినవానికి ఆనాటికి రావలసినది 900 కాదు, 1200.

ఆ బాలుని తండ్రి జీతపు చీటీ చూపినారు. అందు ‘26 దినములు, 8 గంటలు’ అని యున్నది. ఓవర్‌టైము గడి ఖాళీ. దినమునకు నాలుగు గంటలచొప్పున నెలకు 104 గంటలు ఆ కాగితముమీద ఎచ్చటను లేవు. కాపలాదారుల వాడుకలో ‘డ్యూటీ’ యే కొలత. “ఈ నెల ఇన్ని డ్యూటీలు” అందురే గాని ఇన్ని గంటలు అనరు. గంట యను మాట నోట లేకపోవుటచే నాలుగు గంటలు పోయినను తెలియదు. పైగా నియామకపు కాగితము ఇంగ్లీషున, హాజరుపట్టీ కన్నడమున, ఇంటిభాష తెలుగు. సంతకము పెట్టినవానికి తాను దేనిపై పెట్టెనో తెలియదు.

వాచ్‌మన్ ఊరక కూర్చుండుటయే గదా, దానికి ఓవర్‌టైమేమి యని పలుకువారు కలరు. చట్టమునను ఇట్టి ఒక కిటికీ లేకపోలేదు. ఉద్యోగి డ్యూటీలో నున్నను శ్రమగాని ఎడతెగని శ్రద్ధగాని అక్కరలేని విరామములు గల ఉద్యోగములకు వేరు నిబంధనలు ఉండవచ్చునని అందున్నది. కాని అట్టి ఉద్యోగమని ప్రకటించవలసినది ప్రభుత్వము. ఏజెన్సీ యజమాని కాదు. ఎడతెగని శ్రద్ధ యక్కరలేదట! కాపలాయందు మరి యున్నదేమి? రెండు నిమిషములు కునుకు తీసినచో జరిమానా వేయుదురు. కునుకు నేరమైనచోట మెలకువ పని యగును. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో చేసిన 30వ ఒడంబడిక సైతము ఉద్యోగి యజమాని అధీనమున నుండు కాలమే పనికాలమని నిర్వచించినది.

ఎనిమిది గంటల షిఫ్టులైనచో ఒక్క గేటునకు ముగ్గురు మనుష్యులు కావలె. పండ్రెండు గంటలైనచో ఇద్దరు చాలుదురు. అపార్ట్‌మెంటు సంఘమువారు తక్కువ కొటేషను ఇచ్చిన ఏజెన్సీని ఎన్నుకొందురు. తగ్గిన ఆ మూడవ మనిషి జీతము మిగిలిన యిద్దరి నిద్రనుండి తీయబడుచున్నది. చెప్పుటకు సిగ్గగుచున్నది గాని, ఆ సంఘములలో మన తెలుగువారును కలరు. కారులో లోనికి పోవువాడు తెలుగువాడు, గేటు తీయువాడు తెలుగువాడు. పండుగనాడు మిఠాయిపొట్లము ఇచ్చి, “బాగున్నావా అన్నా” అని తెలుగున పలుకరింతురు. ఆ పలుకరింపు మంచిదే. అయితే ఏజెన్సీ వేతనము ఎగవేసినచో, ఆ బాధ్యత సంస్థ యజమానిపై, అసోసియేషనుపై పడునని వేతనముల కోడు 43వ సెక్షనులో నున్నది. సంఘపు సర్వసభ్య సమావేశమున దీనిని ఒక్కసారి చదివినచో బాగుండును.

నేను ఇదంతయు వివరించితిని. ఆ తండ్రి శాంతముగ విని యిట్లనిరి: “మీరు చెప్పేది నిజమే సార్. కానీ ఎనిమిది గంటలైతే జీతం కూడా తగ్గిస్తారు. పన్నెండు చేస్తేనే ఇల్లు గడవడంలేదు.”

ఈ మాటకు నావద్ద వెంటనే జవాబు లేకపోయెను. బస్సులో పోవుచు ఆలోచించితిని. ఆయన భయము న్యాయమైనదే. పండ్రెండు గంటల పని ఆయన కోరి తెచ్చుకొనలేదు. ఎనిమిది గంటల జీతము సంసారమునకు చాలకపోవుటచే దానికి ఒప్పుకొనినారు. నేడు ఆయన అడుగవలసినది పని తగ్గింపుమని కాదు. చేసిన పనిని కాగితముపై వ్రాయుమని. ఆ నాలుగు గంటలకు రెట్టింపు ఇయ్యవలసివచ్చిననాడు ఏజెన్సీ తానే లెక్కవేసికొనును. ఇద్దరికి రెండేసి దినముల వేతనమనగా నాలుగు. ముగ్గురికి ఒక్కొక్క దినమనగా మూడు. మూడవ మనిషిని పెట్టుటయే చవుక. అప్పుడు ఎనిమిది గంటల కాలము దానంతట వచ్చును. అపుడు ఆ తండ్రి కిప్పుడు వచ్చు జీతము తగ్గునా? చీటీలో నున్నది ఎనిమిది గంటల కనీస వేతనమే యైనచో తగ్గింపరాదు. అది కర్ణాటకలో చేసిన పని గనుక కర్ణాటక ప్రభుత్వము నిర్ణయించిన కనీస వేతనమే లెక్క. మన తమిళనాటి రేటు కాదు.

2023 ఏప్రిల్ 21న తమిళనాడు శాసనసభ కర్మాగారములలో పండ్రెండు గంటల పనికి వీలు కల్పించు బిల్లును ఆమోదించినది. రాష్ట్రమంతటను అలజడి చెలరేగెను. మే 1వ తేదీన ముఖ్యమంత్రి బిల్లును ఉపసంహరించినట్లు ప్రకటించిరి. సింగారవేలు చెట్టియారు మద్రాసు సముద్రతీరమున భారతదేశపు మొదటి మేదినము జరిపినది 1923లో, సరిగ్గా నూరేండ్లు. ఆ వార్త విని నేనును సంతసించితిని. ఆనాడు సిప్‌కాట్ గేట్లవద్ద నిలిచి ఆ ఊరేగింపులు చూచిన కాపలాదారులలో అప్పటికే పండ్రెండు గంటలు చేయుచున్నవారు ఎందరో! వారినిగూర్చి ఎవ్వరును నినాదము చేయలేదు.

జీతపు చీటీ ఇచ్చుట యజమాని విధి. రావలసిన సొమ్ము రానిచో మూడు సంవత్సరములలోపల అర్జీ పెట్టుకొనవచ్చును. అర్జీకి ఆధారము కావలె. అందుచే విద్యార్థులారా, మీ ఇంట కాపలాపనికి పోవువారున్నచో ఒక నోటుపుస్తకము తీయుడు. తేదీ, డ్యూటీ ఎక్కిన వేళ, దిగిన వేళ, ఈ మూడు గడులు చాలును. నాన్నగారు చెప్పగా మీరు వ్రాయుడు, నెలాఖరున కూడుడు. ఆ తొమ్మిదవ తరగతి బాలుడు అపుడే రెండు పుటలు నింపినాడు. కూడికలో ఒక తప్పు దొరలినది, దిద్దితిని.

వచ్చు నెల మొదటి శనివారము సాయంకాలము నాలుగు గంటలకు నేను తొమ్మిదవ తరగతి గదిలో కూర్చుందును. లెక్కల మాస్టారుగారును ఉండుటకు అంగీకరించినారు. జీతపు చీటీలు, నియామకపు కాగితములు తీసికొనిరండు, కలిసి చదువుదము. డ్యూటీవలన రాలేనివారు పిల్లలచేత పంపినను చాలును.