బావిలోకి ఇంజిన్ దించవద్దు



ముత్యంపేట నుండి ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. భర్త గల్ఫ్‌లో ఉన్నారు. రెండెకరాల వరి, అరెకరం పసుపు, వృద్ధులైన అత్తమామలు, ఇద్దరు పిల్లలు, అన్ని బాధ్యతలూ ఆమెవే. నిరుడు సెలవు మీద వచ్చినప్పుడు భర్త ఒక పెట్రోల్ ఇంజిన్ పంపు కొని ఇచ్చి వెళ్ళారు. ఇప్పుడు ఎండలు ముదిరి బావిలో నీరు అడుగంటింది. పూడిక తీయించవలసి ఉన్నది. ఒడ్డు మీద పెట్టిన పంపు నీటిని గుంజడం లేదు కనుక ఇంజిన్‌ను తాళ్ళతో బావిలోని మెట్టు మీదికి దించి నడుపుదామని కూలీలు అంటున్నారట. ఇది క్షేమమేనా, ఏదైనా జరిగితే అల్లాహ్ వద్ద తన బాధ్యత ఎంత అని ఆమె అడిగారు. ఇంజిన్‌ను ఎలా చూసుకోవాలో కూడా చెప్పమన్నారు.

మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో ఉన్నది. దించవద్దు. పది నిమిషాల కొరకైనా, ఒక్క పూట కొరకైనా దించవద్దు. ఇంత ఖచ్చితంగా ఎందుకు చెబుతున్నామో వివరించడం మా విధి.

కూలీలు చెప్పిన మాటలో సగం నిజం కలదు. ఒడ్డు మీది పంపు లోతైన నీటిని గుంజలేదు. అది ఇంజిన్ బలహీనత వలన కాదు. పంపు నిజానికి నీటిని లాగదు; తన లోపల గాలిని పలుచన చేస్తుంది, అప్పుడు బయటి గాలి బరువు బావిలోని నీటిని పైపులోకి నెడుతుంది. ఆ గాలి బరువుకు అల్లాహ్ ఒక హద్దు నిర్ణయించాడు. లెక్క ప్రకారం అది సుమారు 10 మీటర్లు. పైపు రాపిడి, సందుల వంటివి పోగా ఆచరణలో 7 నుండి 8 మీటర్లకు, అనగా ఇంచుమించు 25 అడుగులకు మించదు. మూడు గుర్రాల ఇంజిన్ తీసి ఆరు గుర్రాల ఇంజిన్ పెట్టినా ఆ హద్దు మారదు. కనుకనే నీరు దిగిపోయిన కొద్దీ ఇంజిన్‌ను నీటి దగ్గరకు దించాలన్న ఆలోచన పుడుతుంది. ప్రమాదానికి బీజం అక్కడే పడుతున్నది.

పెట్రోల్ ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కంటికి మంట లేదు. మన రక్తం ప్రాణవాయువును మోసినట్లే దానినీ మోస్తుంది. కాదు, ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. ఒకసారి పట్టుకొన్నదంటే ప్రాణవాయువుకు చోటు ఉండదు. మొదట తలనొప్పి, తరువాత తల తిరుగుడు, వికారం. ఎండదెబ్బ కాబోలు అనుకొంటారు. పైకి వెళదామని అనుకొనే సరికి కాళ్ళు మాట వినవు. ఆరుబయట ఈ పొగ గాలిలో కలిసి చెదరిపోతుంది. బావిలో నాలుగు వైపులా గోడలే కనుక అక్కడే నిలిచిపోతుంది. 1996లో అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య జాతీయ సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి చిన్న పెట్రోల్ ఇంజిన్ల గురించి ఒక హెచ్చరిక ప్రకటించింది. మూసి ఉన్న చోట ఈ వాయువు నిమిషాలలోనే ప్రాణాంతకంగా పేరుకొంటుందని, తలుపులు తెరిచినా ఫ్యాన్లు పెట్టినా క్షేమమని నమ్మరాదని దాని సారాంశం. తలుపులు, కిటికీలు ఉన్న గది సంగతే అది. బావికి పైన ఒక్క నోరు తప్ప వేరే దారి ఏది?

ఇక్కడ మన పెద్దల అలవాటు ఒకటి ప్రస్తావించవలసి ఉన్నది. బావిలో దిగే ముందు తాడుకు దీపం కట్టి దించేవారు. ఆరిపోతే దిగేవారు కాదు. ప్రాణవాయువు కొరవడిన బావిని అది చాలావరకు పట్టిచ్చేది. అయితే ఇంజిన్ పొగ విషయంలో ఆ పరీక్ష పనికిరాదు. మనిషిని చంపేంత కార్బన్ మోనాక్సైడ్ ఉన్న గాలిలో కూడా దీపం నిశ్చింతగా వెలుగుతుంది. పైగా పెట్రోల్ ఆవిరి ఉన్న చోటికి నిప్పు దించడం మరొక ప్రమాదం. ఇంజిన్ ఆపి గంటసేపు ఆగితే చాలును అనేవారూ ఉన్నారు. ఏ గంటకు ఆ బావి శుభ్రపడుతుందో కంటితో చెప్పగల వారు లేరు. వాయువును కొలిచే పరికరం తప్ప వేరే సాక్ష్యం లేదు.

ఇంజిన్ లేకుండానే బావులు మనుషులను మింగుతున్నాయి. 2025 ఏప్రిల్ 3న మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జిల్లా కొండావత్ గ్రామంలో, గణగౌర్ నిమజ్జనం కొరకు బావిని శుభ్రం చేయడానికి దిగినవారు విషవాయువుకు లోనైనారు. వారిని కాపాడబోయిన వారు ఒకరి తరువాత ఒకరు దిగినారు. మొత్తం ఎనిమిది మంది మరణించారు. ఇటువంటి సంఘటనలలో తరచుగా కనిపించే క్రమం ఇదే: మొదటివాడు పని కొరకు దిగుతాడు, మిగిలినవారు ప్రేమతో దిగుతారు.

ఇప్పుడు సోదరి అడిగిన రెండవ ప్రశ్న. బావిలో జరిగిన ప్రమాదానికి పరిహారం లేదని ఒక హదీసు ఉన్నది కదా, మరి యజమానికి బాధ్యత ఏమిటని కొందరు అంటారు. ఆ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది, నిస్సందేహంగా సహీహ్. అయితే దానిని ఎక్కడ వర్తింపజేయాలో ఫుఖహాలు వివరించారు. ఒక వ్యక్తి తన సొంత భూమిలో, ఎవరి హక్కుకూ భంగం లేకుండా త్రవ్విన బావి సంగతి అది. అదే వ్యక్తి అనుమతి లేకుండా నలుగురు నడిచే దారిలో బావి త్రవ్వి, అందులో ఎవరైనా పడి మరణిస్తే అతడు బాధ్యుడని మన హనఫీ ఫిఖ్హ్ చెబుతున్నది. మదరసాలలో మేము బోధించే హిదాయాలో ఈ చర్చ విస్తారంగా ఉన్నది. బావి రెండు చోట్లా బావియే. మధ్యలో హద్దు మీరడం అనే ఒక్క విషయం తీర్పును మార్చివేస్తున్నది.

కనుక మా అవగాహన ఇది. తెలియక, జాగ్రత్తలన్నీ తీసుకొన్న తరువాత, అనుకోని విధంగా ప్రమాదం జరిగితే ఆ హదీసులోని సౌలభ్యం యజమానికి ఉండవచ్చును. కాని పొగ చంపుతుందని తెలిసిన తరువాత కూలివాడిని పొగ నిండిన బావిలోకి పంపితే, ఆ హదీసును డాలుగా పట్టుకోవడం న్యాయం కాదు. పరిహారం ఎంత, ఎవరికి అన్నది ఒక్కొక్క సంఘటనను బట్టి ముఫ్తీలు, న్యాయస్థానాలు తేల్చే విషయం. అల్లాహ్ ముందు జవాబుదారీతనం మాత్రం తెలిసిన క్షణం నుండే మొదలవుతుంది. ఈ వ్యాసం చదివిన తరువాత తెలియదనే వీలు మీకు గాని మాకు గాని ఉండదు. కూలివాడు తానే ఒప్పుకొన్నాడు కదా అంటారేమో. అల్ బఖరా సూరా 195వ ఆయతులో, తమ చేతులతో తమను వినాశనంలో పడవేసుకోవద్దని ఆదేశం ఉన్నది. ఆ ఆయతు దైవమార్గంలో ఖర్చు చేసే సందర్భంలో అవతరించినా, పండితులు దానిని ప్రాణరక్షణకు కూడా ఆధారంగా తీసుకొన్నారు. తన ప్రాణాన్ని పారవేసుకొనే హక్కు తనకే లేనివాడు మీకు అనుమతి ఎలా ఇవ్వగలడు?

మరి కొందరు తఖ్‌దీర్ మాట ఎత్తుతారు. చావు వ్రాసి ఉంటే ఒడ్డు మీదనైనా వస్తుందని వారి వాదం. హిజ్రీ 18వ సంవత్సర ప్రాంతంలో సిరియాలో అమ్‌వాస్ మహమ్మారి చెలరేగినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోటి నుండి వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించగా, తాము అల్లాహ్ విధి నుండి అల్లాహ్ విధి వైపుకే వెళుతున్నామన్న అర్థంలో ఆయన జవాబిచ్చారు. ఒకవైపు పచ్చిక, మరొకవైపు ఎండిన నేల ఉన్న లోయలో ఒంటెలను ఎటు మేపినా అది విధియే అని ఉపమానం కూడా చెప్పారు. తరువాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, మహమ్మారి ఉన్న చోటికి వెళ్ళరాదన్న దైవప్రవక్త (సల్లం) ఆదేశాన్ని వినిపించారు. విషం ఉన్న చోటికి కావాలని దిగడాన్ని తఖ్‌దీర్ మీద విశ్వాసం అనలేము.

ఎవరైనా బావిలో సొమ్మసిల్లితే వెనుక దిగవద్దు. కన్నకొడుకైనా సరే. ఈ మాట వ్రాయడానికి మాకు కష్టంగానే ఉన్నది. కాని దిగిన తల్లి కొడుకును తీసుకురాలేదు. మిగిలిన పిల్లలకు తల్లి కూడా ఉండదు. అగ్నిమాపక దళానికి 101, అంబులెన్సుకు 108, లేదా అన్నిటికీ 112కు ఫోన్ చేయండి. అగ్నిమాపక సిబ్బందికి శ్వాస పరికరాలు ఉంటాయి. దిగేవాడి నడుముకు, భుజాలకు ముందే బలమైన తాడు కట్టి, ఒడ్డున ఇద్దరు పట్టుకొని ఉంటే ఎవరూ దిగకుండానే పైకి లాగవచ్చును. పైకి తీసిన వెంటనే ఆరుబయట గాలిలో ఉంచి ఆసుపత్రికి తరలించాలి, ప్రాణవాయువే చికిత్స. కరోనా కాలంలో కొన్న వేలికి పెట్టే యంత్రం చాలా ఇళ్ళలో ఉన్నది. దానిని నమ్మి ఇంట్లో ఉంచుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని అది ప్రాణవాయువు ఉన్న రక్తంగా పొరబడి మంచి అంకె చూపిస్తుంది.

లోతైన నీరు తోడడానికి సరైన సాధనం సబ్‌మెర్సిబుల్ మోటారు. అది నీటిలోనే ఉండి నీటిని పైకి నెడుతుంది కనుక 25 అడుగుల హద్దు దానికి లేదు, పొగ అసలే లేదు. కిరాయికి తెచ్చుకొన్నా ఒక రోజు ఖర్చు. కాని కరెంటు నడుస్తుండగా ఆ నీటిలో మనిషి దిగరాదు. జనరేటర్ పెట్టవలసి వస్తే దాని పొగ కూడా ఇదే పొగ. ఒడ్డు మీద ఉన్న ఇంజిన్ అయినా, జనరేటర్ అయినా బావికి దూరంగా, గాలి బావి వైపు నుండి ఇంజిన్ వైపు వీచేటట్లు ఉండాలి. సైలెన్సర్ నోరు బావి వైపు తిరిగి ఉంటే పైన పెట్టిన ఇంజిన్ కూడా బావిని పొగతో నింపగలదు.

కాలువ ఒడ్డున, వాగు ఒడ్డున, కరెంటు తీగ చేరని చెలకలో మాత్రం పెట్రోల్ పంపు మంచి సేవకుడే. శ్రమతో, ఖర్చుతో నీరు పెట్టిన పంటకు ఉష్ర్‌లో పదోవంతు బదులు ఇరవయ్యో వంతే నిర్ణయించి షరీఅత్ ఆ ఖర్చును ముందే గుర్తించింది.

నడిపే పద్ధతి కష్టమైనది కాదు. ఇంజిన్‌ను చదునైన నేల మీద నిలిపి ఆయిల్ చూడాలి. వాలు మీద చూస్తే తప్పు లెక్క వస్తుంది. పంపు పొట్టలో నీరు నింపనిదే తాడు లాగవద్దు. లోపలి సీలును చల్లబరిచేది ఆ నీరే. ఎండుగా తిప్పితే అది కొద్దిసేపటికే కాలిపోతుంది. నీరు గుంజే పైపు బిగువుగా ఉండాలి, దాని కొనకు జాలి ఉండాలి. ఎక్కడ సందు ఉన్నా నీటికి బదులు గాలి గుంజి పంపు ఊరికే అరుస్తుంది. సోదరీమణులు తాడు లాగే ముందు దుపట్టాను, బురఖా చేతులను బిగించి కట్టుకోవాలి. సైలెన్సర్ దగ్గరకు పిల్లలను రానివ్వవద్దు, గడ్డివాము పక్కన ఇంజిన్ పెట్టవద్దు.

పెట్రోలు పోయడం అతి జాగ్రత్తగా చేయవలసిన పని. ఇంజిన్ ఆపి, కనీసం పావుగంట చల్లారనిచ్చి, వెలుతురు ఉండగానే పోయాలి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువైనది. నేల మీద పాకుతూ వెళ్ళి దూరాన ఉన్న బీడీని అందుకొంటుంది. టాంకును అంచు దాకా నింపవద్దు. నోటితో పైపు పీల్చి పెట్రోలు తీసే అలవాటు మన పల్లెల్లో ఇంకా పోలేదు. అది ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మింగినవారికి బలవంతంగా వాంతి చేయించడం మరీ ప్రమాదం. పెట్రోలును నీళ్ళ సీసాలలో పోసి వంటింట్లో పెట్టడం మేము చాలా ఇళ్ళలో చూశాము. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు కాలిపోయినప్పుడు, నిప్పు మీకు శత్రువు వంటిదని, నిద్రించే ముందు ఆర్పివేయాలని దైవప్రవక్త (సల్లం) బోధించారు. పొయ్యి పక్కన పెట్రోలు సీసా ఉంచిన ఇంటికి ఆ బోధ ఎంత అవసరమో ఆలోచించండి. మూత గట్టిగా పడే డబ్బాలో పోసి, ఇంటికి వెలుపల తాళం ఉన్న చోట ఉంచాలి.

కొత్త ఇంజిన్‌కు మొదటి 20 గంటల తరువాత, పిమ్మట ప్రతి 100 గంటలకు లేదా ఆరు నెలలకు ఆయిల్ మార్చాలని చాలా కంపెనీల పుస్తకాలు చెబుతాయి. మీ ఇంజిన్‌తో వచ్చిన పుస్తకంలో వేరే లెక్క ఉంటే దానినే పాటించండి. గాలి వడపోసే స్పాంజిని సబ్బు నీటితో కడిగి ఆరబెట్టాలి, పెట్రోలుతో కడగరాదు. ముత్యంపేటలో చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది గాని, ఇప్పుడు బంకులో పోసే పెట్రోలులో చెరకు చేరింది. అందులో 20 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు. అది చెరకు నుండి, ధాన్యం నుండి తయారవుతుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది. నెలల తరబడి టాంకులో పెట్రోలు ఉంచితే కార్బొరేటర్ తుప్పు పడుతుంది, పాత రబ్బరు పైపులు చెడుతాయి. వానలు మొదలై పంపు అవసరం తీరగానే టాంకును ఖాళీ చేయండి. పెట్రోలు తాళాన్ని మూసి, కార్బొరేటర్‌లో మిగిలినది కూడా క్రింది మర ద్వారా తీసివేయండి. పంపు పొట్టలోని బురద నీటిని కడిగి వంచి, పొడి చోట గుడ్డ కప్పి ఉంచండి. తీసిన పెట్రోలును మోరీలో గాని బావి పక్కన గాని పారబోయవద్దు. తాజాగా ఉంటే మోటారు సైకిలుకు వాడుకోవచ్చును, పాతబడితే మెకానిక్‌కు అప్పగించండి.